టెజోస్ ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ: తన రూల్స్ తనే మార్చుకునే చైన్ లోపల ఏం జరుగుతుంది

2019 నుంచి టెజోస్ అనే బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే లావాదేవీల పుస్తకం, ఇక్కడ చైన్ అంటున్నది దీన్నే) వాడుతున్నా. మొదట్లో కొన్ని టెజ్ (దీని కాయిన్) కొని ఒక బేకర్‌కి, అంటే కొత్త బ్లాకులు తయారుచేసి రివార్డ్ తీసుకునేవాడికి, డెలిగేట్ చేసి (నా టెజ్ బలం అతని లెక్కలో పడేలా పెట్టి) వదిలేశా, తర్వాత ఆసక్తి పెరిగి సొంత నోడ్ (చైన్ సాఫ్ట్‌వేర్ నడిపే మెషిన్) పెట్టుకుని బేకింగ్ మొదలుపెట్టా, అది ఇప్పటికీ నడుస్తోంది. రేటు ఎంత పెరుగుద్ది, ఎప్పుడు అమ్మాలి అనేవి ఇందులో ఉండవు. 2021 అక్టోబర్‌లో 9 డాలర్లు దాటిన కాయిన్ తర్వాత డాలర్ కిందకి కూడా వచ్చేసింది, ఆ కథ అందరికీ తెలిసిందే, దాని మీద కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏం లేదు. నేను రాసేది ఈ చైన్ తనని తాను అప్‌గ్రేడ్ చేసుకునే పద్ధతి గురించి, ఎందుకంటే నన్ను ఇన్నేళ్లు ఇక్కడ కట్టిపడేసింది అదే. ఎక్కువ మంది "ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ అంట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అసలు సంగతి అంత చిన్నది కాదు.

ముందు దీని అవసరం ఎందుకొచ్చిందో చెప్తా. మామూలుగా బ్లాక్‌చెయిన్‌లో రూల్ మార్చాలంటే డెవలపర్లు కొత్త సాఫ్ట్‌వేర్ రాస్తారు, నోడ్లు నడిపేవాళ్ళు దాన్ని వేసుకుంటే మారినట్టు, కొంతమంది వేసుకోకపోతే చైన్ రెండు ముక్కలు. 2016లో ఇథీరియం మీద పెట్టిన డీఏఓ అనే పెట్టుబడి నిధి హ్యాక్ అయ్యాక ఇథీరియం, ఇథీరియం క్లాసిక్ అని విడిపోయింది ఇలాగే, 2017 ఆగస్ట్ 1న బిట్‌కాయిన్ క్యాష్ పుట్టిందీ ఇలాగే. ఎవరు కరెక్ట్ అని తేల్చే చోటు చైన్‌లో ఎక్కడా ఉండదు, గొడవంతా బయటే. ఈ రెండూ జరగకముందే, 2014లోనే ఆర్థర్ బ్రైట్‌మన్, ఎల్.ఎం. గుడ్‌మన్ అనే మారుపేరుతో ఒక పేపర్ రాశాడు, రూల్స్ మార్చే రూల్ కూడా చైన్ లోపలే ఉండాలి అని. అదే టెజోస్‌కి మూలం. 2017 జులైలో జనం నుంచి సుమారు 232 మిలియన్ డాలర్ల నిధులు వచ్చాయి, ఆ తర్వాత ఆ డబ్బు చూసుకునే ఫౌండేషన్‌లో గొడవలు, కోర్టు కేసులు, ఆలస్యం, చివరికి 2018 జూన్ 30న నెట్‌వర్క్ మొదలై సెప్టెంబర్‌లో మెయిన్‌నెట్ (అసలు నెట్‌వర్క్) అని ప్రకటించారు. పరిపాలన మీదే పుట్టిన ప్రాజెక్ట్ మొదటి ఏడాదే మనుషుల మధ్య పరిపాలన గొడవలో ఇరుక్కుంది, ఆ మచ్చ చాలాకాలం పోలేదు.

ఇక పని చేసే విధానం. టెజోస్ నోడ్‌ని రెండు భాగాలుగా ఊహించుకోండి. ఒకటి షెల్, అంటే ఇతర నోడ్లతో మాట్లాడటం, బ్లాకులు తెచ్చుకోవడం, డిస్క్‌లో దాచుకోవడం లాంటివి. రెండోది ప్రోటోకాల్, అంటే ఏ బ్లాక్ చెల్లుతుంది, రివార్డ్ ఎంత, గ్యాస్ (లావాదేవీకి పట్టే పని లెక్క) ఎంత, ఓటు ఎలా లెక్కపెట్టాలి, ఇవన్నీ. మారేది రెండోదే. ప్రోటోకాల్ మొత్తం ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్, ఆ కోడ్‌కి ఒక హ్యాష్ (వేలిముద్ర లాంటి అక్షరాల వరస) ఉంటుంది, ఎవరైనా కొత్త ప్రోటోకాల్ కావాలంటే ఆ హ్యాష్‌ని ప్రపోజల్‌గా చైన్‌లో పెడతారు. "బ్లాక్ టైం తగ్గిద్దామా" అని ఉత్త మాట మీద ఓటు పడదు, తగ్గించే కోడ్ మీదే ఓటు. గెలిచాక ఎవరో దాన్ని అమలు చేస్తారా లేదా అనే డౌటే లేదు, గెలిచిన హ్యాషే నడుస్తుంది. మిగతా చైన్లలో ఓటింగ్ ఉన్నా చాలాచోట్ల అది అభిప్రాయ సేకరణ దగ్గరే ఆగిపోతుంది, నాకు పెద్ద తేడా కనిపించింది ఇక్కడే.

ఓటింగ్ ఐదు దశలు, ఒక్కోటి సుమారు రెండు వారాలు. మొదట ప్రపోజల్ దశ, బేకర్లు నచ్చిన వాటికి మద్దతు ఇస్తారు, ముందున్న దానికి కనీసం 5 శాతం స్టేక్ (బేకర్ల వెనకున్న టెజ్) మద్దతు రావాలి. తర్వాత ఎక్స్‌ప్లొరేషన్, యే (అవును), నే (కాదు), పాస్ (ఎటూ కాదు) అని మూడు ఆప్షన్లు, యే నే మధ్య 80 శాతం యే రావాలి, దాంతోపాటు కోరం (కనీస పోలింగ్) కూడా అందాలి. పాస్ ఓటు కోరంలో లెక్కకి వస్తుంది, గెలుపు ఓటముల్లో రాదు. ఆ కోరం స్థిరంగా ఉండదు, అంతకుముందు ఎంతమంది ఓటేశారో చూసి దానికి తగ్గట్టు కొంచెం పైకీ కిందకీ జరుగుతుంది, జనం బద్ధకించినా చైన్ ఇరుక్కుపోకుండా ఈ ఏర్పాటు. తర్వాత కూల్‌డౌన్, టెస్ట్ చేసుకోవడానికి, చర్చించుకోవడానికి. తర్వాత ప్రమోషన్, మళ్ళీ అదే 80 శాతం ఓటు. చివర్లో అడాప్షన్, అంటే నోడ్లు, వాలెట్లు, ఎక్స్‌ప్లోరర్లు (చైన్ డేటా చూపించే సైట్లు) అన్నీ సర్దుకోవడానికి గడువు. మొదట్లో ఈ ఐదోది లేదు, ఓటు అయిపోగానే యాక్టివేట్ అయిపోయేది, టూల్స్ వాళ్ళు నానా తిప్పలు పడేవాళ్ళు, 2021 ఫిబ్రవరిలో ఎడో అప్‌గ్రేడ్‌తో ఈ దశ కలిపారు. గమనించారా, ఓటింగ్ పద్ధతిని కూడా అదే ఓటింగ్ పద్ధతితో మార్చుకున్నారు.

మొత్తం కలిపి పది వారాలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది విని అబ్బో అంటారు, మొదట్లో నాకూ చాలా ఎక్కువ అనిపించేది, ఇప్పుడు అనిపించదు, కారణం కింద చెప్తా.

అప్‌గ్రేడ్ జరిగే రోజు బేకర్ స్క్రీన్ ముందు ఎలా ఉంటుందో చెప్తే ఇదంతా ఇంకా బాగా అర్థమవుతుంది. పాత పద్ధతిలో ఒక్కో ప్రోటోకాల్‌కి ఒక్కో బేకర్ ప్రోగ్రాం ఉండేది, పేరు చివర ఆ ప్రోటోకాల్ హ్యాష్ మొదటి అక్షరాలు ఉండేవి. అందుకని గడువుకి ముందే కొత్త ఆక్టెజ్ (టెజోస్ నోడ్, బేకర్ సాఫ్ట్‌వేర్) వెర్షన్ వేసుకుని పాత బేకర్, కొత్త బేకర్ రెండూ పక్కపక్కన స్టార్ట్ చేసి పెట్టుకోవాలి. కొత్తది ఊరికే కూర్చుని ఎదురుచూస్తా ఉంటుంది. నోడ్‌ని ప్రస్తుత బ్లాక్ ప్రోటోకాల్ ఏంటి అని అడిగితే రెండు హ్యాష్‌లు చూపిస్తుంది, ఈ బ్లాక్‌ది ఒకటి, వచ్చే బ్లాక్‌ది ఒకటి. నెలల తరబడి ఆ రెండూ ఒకటే ఉంటాయి. అడాప్షన్ గడువు ముగిసే చివరి బ్లాక్‌లో మాత్రం రెండూ వేరు, పైన పాత హ్యాష్, కింద కొత్త హ్యాష్. ఆ ఒక్క బ్లాక్‌లోనే. తర్వాత బ్లాక్ నుంచి మళ్ళీ రెండూ ఒకటే, రెండూ కొత్తవి. స్టోరేజ్ మైగ్రేషన్ (పాత డేటాని కొత్త రూపంలోకి మార్చడం) కోసం ఆ ఒక్క బ్లాక్ దగ్గర కాస్త ఆగినట్టు అనిపిస్తుంది, అంతే, పాత బేకర్ లాగ్ ఆగిపోతుంది, కొత్త బేకర్ లాగ్ కదలడం మొదలవుతుంది. నడుస్తున్న రైలుకి ఇంజిన్ మార్చినట్టే, లోపల కూర్చున్నవాళ్ళకి కుదుపు కూడా తెలీదు. నేను ప్రతి అప్‌గ్రేడ్‌కీ ఆ రెండు లైన్లు చూడటానికి కూర్చుంటా, ఇన్నిసార్లు చూసినా విసుగు రాలేదు. ఇప్పుడు ఆ రెండు బేకర్ల బాధ కూడా లేదు, ఏ ప్రోటోకాల్ నడుస్తుంటే దానికి తనే మారిపోయే ఒకే బేకర్ ప్రోగ్రాం వచ్చేసింది. చిన్న బేకర్లకి ఇది చాలా పెద్ద ఊరట.

అప్‌గ్రేడ్లకి ఇంగ్లీష్ అక్షరాల వరసలో నగరాల పేర్లు పెడతారు, ఆథెన్స్ నుంచి 2025లో వచ్చిన సియోల్ వరకే 19 అయ్యాయి. అన్నీ చెప్పను, వాడేవాడిగా నాకు తేడా తెలిసినవి చెప్తా. ఆథెన్స్ 2019 మేలో, మొదటిది, బేకింగ్‌కి కావాల్సిన రోల్ (కనీస మొత్తం) 10,000 టెజ్ నుంచి 8,000కి తగ్గింది, అంతకుమించి పెద్దగా లేదు, యంత్రం పనిచేస్తుందని రుజువు చెయ్యడమే దాని పని. 2019 అక్టోబర్ బాబిలాన్ మాత్రం మామూలు యూజర్‌కి నిజంగా పనికొచ్చింది. అంతకుముందు డెలిగేట్ చెయ్యాలంటే మన అడ్రస్ నుంచి విడిగా ఒక కేటీ1 అకౌంట్ పుట్టించి టెజ్ అందులోకి మార్చి అప్పుడు డెలిగేట్ చెయ్యాలి, ఎవరికైనా నేర్పించాలంటే సగం సమయం దీనికే పోయేది. బాబిలాన్ తర్వాత మామూలు టీజెడ్1 అడ్రస్ నుంచే నేరుగా డెలిగేట్, ఒక్క క్లిక్. పాత కేటీ1 అకౌంట్లని వదిలెయ్యకుండా వాటన్నిటినీ చిన్న స్మార్ట్ కాంట్రాక్టులుగా (చైన్ మీదే నడిచే ప్రోగ్రాంలుగా) మార్చి డబ్బు భద్రంగా ఉంచారు.

2021 ఆగస్ట్ గ్రెనడాతో బ్లాక్ టైం 60 సెకన్ల నుంచి 30కి వచ్చింది. 2022 ఏప్రిల్ 1న ఇథాకాతో కన్సెన్సస్ (ఏ బ్లాక్ సరైనదో బేకర్లందరూ ఒప్పుకునే పద్ధతి) మొత్తం మారిపోయింది, టెండర్‌బేక్ అని. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. అంతకుముందు ఎన్ని బ్లాకులు పైన పడితే అంత నమ్మకం అనే లెక్క, ఎంతసేపు ఆగాలో ఎవరి అంచనా వాళ్ళది. టెండర్‌బేక్‌లో బ్లాక్ మీద ఇంకో రెండు బ్లాకులు పడితే ఇక అది వెనక్కి పోదు, ఖరారు. ఆ తర్వాత ముంబైతో 15 సెకన్లు, పారిస్‌తో 10, 2025 జనవరి క్యూబెక్‌తో 8, అంటే అక్కడికి ఖరారు అవ్వడానికి 16 సెకన్లు సరిపోయే స్థితికి వచ్చింది. కన్సెన్సస్ మార్చడం అంటే చైన్ గుండె మార్చడం, మిగతా చోట్ల దానికి ఏళ్ళ తరబడి ప్రిపరేషన్, దేశదేశాల్లో కౌంట్‌డౌన్లు. ఇక్కడ నేను సెర్వర్ కాన్ఫిగరేషన్ ఒకసారి సరిచూసుకున్నా, ఓటు పడింది, మారింది.

అన్నీ మొదటిసారే సరిగ్గా కుదరలేదు, ఇది కూడా చెప్పాలి. హ్యాంగ్‌జౌలో టైంలాక్ అనే ఫీచర్ (డేటాని కొంతసేపటి వరకు తెరుచుకోకుండా దాచేది) పెట్టారు, తర్వాత అందులో భద్రతా లోపం కనబడింది, లీమాలో ఆపేశారు, సరిచేసి ఆక్స్‌ఫర్డ్‌తో మళ్ళీ తెచ్చారు. జకార్తాలో ఒక రకం రోలప్ (లావాదేవీలు చైన్ పక్కన నడిపి ఫలితం చైన్‌లో పెట్టేది) తెచ్చారు, ముంబైలో స్మార్ట్ రోలప్స్ వచ్చాక దాని అవసరం లేక పక్కకి తీసేశారు. వేసింది తియ్యడం కూడా అంతే మర్యాదగా, అదే ఓటుతో జరిగిపోతుంది, నాకు నచ్చేది అదీ. చాలా సాఫ్ట్‌వేర్లలో కలపడం సులువు, తీసేద్దాం అంటే మాత్రం ఎవరూ ముందుకి రారు.

ఇప్పుడు 2023 ఆక్స్‌ఫర్డ్ సంగతి. ఈ రివ్యూలో ఒక్క పేరా చదివితే చాలు అనుకునేవాళ్ళు ఇదే చదవండి. అంతవరకు వచ్చిన ప్రపోజల్స్ దాదాపు అన్నీ నెగ్గేవి, దాంతో "ఓటింగ్ ఉత్తదే, డెవలపర్ టీములు ఏది పెడితే అది ఓకే అయిపోద్ది" అని విమర్శ ఉండేది, ఆ విమర్శలో న్యాయం ఉందని నాక్కూడా అనిపించేది. ఆక్స్‌ఫర్డ్‌లో స్టేకింగ్ పద్ధతి, కొత్త టెజ్ ఎంత ముద్రించాలనే లెక్క, ఇలా డబ్బుకి సంబంధించిన పెద్ద మార్పులన్నీ ఒకే మూటలో కట్టి పెట్టారు. బేకర్లలో చాలామందికి నచ్చలేదు. వారాలపాటు వాదించుకున్నారు, 80 శాతం రాలేదు, ప్రపోజల్ పడిపోయింది. తర్వాత ఏం జరిగిందో చూడండి. చైన్ చీలలేదు. ఓడిపోయిన టీం అలిగి వేరే కాయిన్ పెట్టుకోలేదు. మార్చిన రూపంతో ఆక్స్‌ఫర్డ్ 2 తెచ్చారు, అది 2024 ఫిబ్రవరిలో యాక్టివేట్ అయింది. వివాదమైన ఇష్యూయెన్స్ (కొత్త టెజ్ ముద్రించే లెక్క) భాగాన్ని ఆ తర్వాత పారిస్ ప్రపోజల్ అప్పుడు రెండు వెర్షన్లు పెట్టి, అది ఉన్నదొకటి, లేనిదొకటి, మీరే ఎంచుకోండి అన్నారు. బేకర్లు ఉన్నదే ఎంచుకున్నారు. అంటే అదే మార్పు, మొదట కాదన్నవాళ్ళ మధ్యే, ఏడాది లోపు ఒప్పుకోలుతో వచ్చింది. పది వారాలు ఎక్కువ అనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ సమయమంతా ఊరికే పోవట్లేదు, కోడ్ చదివేవాళ్ళు చదువుతున్నారు, వద్దనేవాళ్ళకి మనుషుల్ని కూడగట్టుకునే టైం దొరుకుతోంది, ఓడినవాళ్ళకి మళ్ళీ వచ్చే రోజు ఎప్పుడో ముందే తెలుసు.

స్టేకింగ్ గురించి. ఇందులో కొత్తవాళ్ళకి గందరగోళం ఎక్కువ. డెలిగేషన్ అంటే మీ టెజ్ మీ దగ్గరే, లాక్ ఉండదు, ఎప్పుడైనా వాడుకోవచ్చు, బేకర్ తప్పు చేసినా మీవి కోత పడవు. స్టేకింగ్ అంటే టెజ్ లాక్ అవుతాయి, బేకర్ ఒకే స్థానానికి రెండు వేర్వేరు బ్లాకుల మీద సంతకం చెయ్యడం లాంటి తప్పు చేస్తే మీ వాటాలోనూ కోత ఉంటుంది, బదులుగా రాబడి ఎక్కువ. క్యూబెక్ నుంచి బేకింగ్ బలంలో డెలిగేట్ చేసిన టెజ్ మూడో వంతే లెక్కకి వస్తుంది, స్టేక్ చేసినవి పూర్తిగా. రివార్డ్ రేటు కూడా స్థిరం కాదు, మొత్తం టెజ్‌లో సగం స్టేక్ అవ్వాలనేది టార్గెట్, తక్కువుంటే రేటు పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. ఉపసంహరణకి మొదట్లో పది రోజుల పైనే పట్టేది, 2025 మేలో రియోతో సైకిల్ (చైన్ లెక్కలు తేల్చుకునే కాలం) ఒక రోజుకి తగ్గాక నాలుగైదు రోజుల్లో చేతికొస్తున్నాయి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి. డెలిగేటర్లకి రివార్డ్ పంచడం ప్రోటోకాల్ పని కాదు, బేకర్ చేతికి వస్తుంది, అతను మనకి పంపాలి, పంపకపోతే అడిగే దిక్కు లేదు. నేను మొదట్లో నమ్ముకున్న ఒక బేకర్ ఏడాదిపాటు బాగానే పంపి, ఒక అప్‌గ్రేడ్ సమయానికి కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోకుండా వదిలేశాడు, బ్లాకులు మిస్సయ్యాయి, ఆ తర్వాత పేమెంట్లు ఆగిపోయాయి, మెసేజ్ పెడితే జవాబు లేదు. నా అసలు టెజ్ ఎక్కడికీ పోలేదు, డెలిగేషన్ ఇంకొకరికి మార్చుకుంటే సరిపోయింది, కానీ ఆ రివార్డులు పోయినట్టే. నేను సొంతంగా బేకింగ్ మొదలుపెట్టడానికి సగం కారణం ఇదే. ఇప్పటి స్టేకింగ్‌లో వాటా ప్రోటోకాలే నేరుగా జమ చేస్తుంది, మధ్యలో బేకర్ మంచితనం మీద ఆధారపడక్కర్లేదు. ఏళ్ళపాటు అందరూ మొత్తుకున్న లోటు ఓటుతో పూడింది.

ఇంకో ముఖ్యమైన సంగతి, డెలిగేట్ చేసినా స్టేక్ చేసినా మీ ఓటు బలం మీ బేకర్ చేతిలో ఉంటుంది. చాలామంది ఫీజు ఎంత అని మాత్రమే చూస్తారు. టీజెడ్‌కేటీ ఎక్స్‌ప్లోరర్‌లో బేకర్ పేజీ తెరిస్తే గతంలో ఏ ప్రపోజల్‌కి ఏం ఓటేశాడో మొత్తం కనబడుతుంది. ఎప్పుడూ పాస్ కొట్టేవాడో, అసలు ఓటే వెయ్యనివాడో అయితే నేనైతే అక్కడ ఒక్క టెజ్ కూడా పెట్టను, ఫీజు సున్నా అయినా సరే.

లోపాలు. "తనంతట తనే అప్‌గ్రేడ్" అనే మాట పూర్తిగా నిజం కాదు. ప్రోటోకాల్ మాత్రమే అలా మారుతుంది, షెల్, నెట్‌వర్క్ భాగం మామూలు సాఫ్ట్‌వేరే, మనిషి కూర్చుని ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. పైగా ఓటు పడ్డాక బగ్ దొరికితే మళ్ళీ పది వారాలు ఆగలేరు కాబట్టి కొత్త నోడ్ వెర్షన్‌లో సరిచేసిన ప్రోటోకాల్ పెట్టి దాన్నే యాక్టివేట్ చేస్తారు. బాబిలాన్, ఎడో, పారిస్ మూడింట్లోనూ ఓటు పడిన హ్యాష్ వేరు, నడిచిన హ్యాష్ వేరు. ప్రతిసారీ ముందే చెప్పి చేశారు, మార్పులు చిన్నవే, నేను కూడా ఇష్టపడే ఇన్‌స్టాల్ చేసుకున్నా, అయినా ఆ దారి ఒకటి ఉందని అందరికీ తెలియాలి. రెండోది, ప్రపోజల్స్ రాసేది దాదాపు ఎప్పుడూ అవే కొద్ది టీములు, పారిస్‌లోని నోమాడిక్ ల్యాబ్స్, లండన్‌లోని ట్రైలిటెక్ లాంటివి. ఎవరైనా పెట్టొచ్చు అని రూల్ ఉంది, కానీ ఓకామెల్‌లో ఇంత పెద్ద కోడ్ అర్థం చేసుకుని మార్చగలిగేవాళ్ళు ఎంతమంది. మూడోది, ఓటు మనిషికి కాదు స్టేక్‌కి, పెద్ద బేకర్ల మాట బరువు ఎక్కువ, నాలాంటి చిన్న బేకర్ ఒంటరిగా దేన్నీ ఆపలేడు, పదిమంది కలవాలి. నాలుగోది, ప్రతి అప్‌గ్రేడ్‌కీ ఎక్స్‌ప్లోరర్లు, వాలెట్లు, ఇండెక్సర్లు (చైన్ డేటాని వెతుక్కునేలా సర్దే ప్రోగ్రాంలు) నడిపేవాళ్ళు పని పెట్టుకోవాల్సిందే, చిన్న టూల్స్ కొన్ని ఈ అలసటతోనే మూతపడ్డాయని నా అభిప్రాయం.

పాత కాంట్రాక్టుల విషయంలో మాత్రం నాకు ఒక్క ఫిర్యాదు లేదు. హిక్ ఎట్ నంక్ అనే ఆర్ట్ మార్కెట్ 2021 మార్చిలో మొదలైంది, అదే ఏడాది నవంబర్‌లో దాన్ని పెట్టినవాడే సైట్ ఆపేశాడు. కాంట్రాక్టులు చైన్‌లో ఉన్నాయి కాబట్టి వాడేవాళ్ళు వెంటనే అచ్చం అలాంటివే నకలు సైట్లు పెట్టుకున్నారు, తర్వాత టెయా అని కమ్యూనిటీనే నడుపుకుంటోంది. నేను అప్పట్లో కొన్న బొమ్మలు ఆ తర్వాత కన్సెన్సస్ మారినా, బ్లాక్ టైం మారినా, రోలప్స్ వచ్చినా వాలెట్‌లో అలాగే ఉన్నాయి, నేను ఏ మైగ్రేషన్ బటనూ నొక్కలేదు, ఎక్కడా క్లెయిమ్ చేసుకోలేదు.

ఎవరికి సరిపోతుంది అంటే, రోజూ కొత్త కాయిన్, కొత్త సందడి కావాలనుకునేవాళ్ళకి ఇది చప్పగా అనిపిస్తుంది. ఈవీఎం (ఇథీరియం ప్రోగ్రాంలు నడిచే పద్ధతి) యాప్స్ కావాలంటే టెజోస్ పైన ఎథర్‌లింక్ ఉంది, అది స్మార్ట్ రోలప్ మీద నడుస్తుంది, నేను తక్కువే వాడా కాబట్టి దాని మీద తీర్పు చెప్పను. ప్రూఫ్ ఆఫ్ స్టేక్ (కాయిన్లు పూచీ పెట్టినవాళ్ళు బ్లాకులు తయారుచేసే పద్ధతి) నిజంగా ఎలా నడుస్తుందో చేత్తో ముట్టుకుని నేర్చుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. టెంపుల్ లేదా కుకాయ్ వాలెట్ పెట్టుకుని కొద్ది టెజ్‌తో ముందు డెలిగేట్ చెయ్యండి, ఒక ప్రపోజల్ మొదటి నుంచి చివరి వరకు ఫాలో అవ్వండి, మీ బేకర్ ఏం ఓటేశాడో చూడండి, ఎందుకు అలా వేశాడో అడగండి, జవాబిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. స్టేకింగ్ ఆ తర్వాత. సొంత బేకింగ్‌కి కనీసం 6,000 టెజ్, ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషిన్, కీ కోసం హార్డ్‌వేర్ వాలెట్ కావాలి, మెయిన్‌నెట్‌కి వచ్చే ముందు టెస్ట్‌నెట్‌లో (ప్రయోగాల నెట్‌వర్క్‌లో) కనీసం ఒక అప్‌గ్రేడ్ దాటేదాకా నడిపి చూడండి.